పెట్టుడు చెయ్యి, కాలిన చర్మం

(రేడియో ప్రసంగ పాఠం)

ఆదివారం పొద్దున్నే కాఫీ తాగుతూ వినేవాళ్ళకు పెట్టుడు చేతుల చరిత్ర ఏమిటీ అనిపించవచ్చు. నేను డాక్టర్ని కాను, ఎలక్ట్రికల్ ఇంజనీర్ని. ఈ చరిత్ర నేను సరదాకి చదవలేదు. నా తెలివితక్కువతనం ఒకటి దీని వెనక ఉంది. ముందు అది చెప్పి, తరువాత చరిత్రలోకి వెళతాను.

మా పిన్ని కొడుకు నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాడు. నేను ఇంజనీరింగు చదివి ఇంగ్లండు వచ్చాను. వాడు ఐ.టి.ఐ. చదివి తెనాలి దగ్గర పల్లెల్లో కాంట్రాక్టు లైన్‌మన్‌గా చేరాడు. "కరెంటు నీకు జీతం ఇస్తుంది అన్నయ్యా, నాకు షాకు ఇస్తుంది" అని నవ్వేవాడు. 2011లో ఒక రోజు లైన్ క్లియర్ తీసుకుని పదకొండు వేల వోల్టుల లైను మీద పనికి స్తంభం ఎక్కాడు. వాడు పైన ఉండగానే ఎవరో లైను ఛార్జి చేశారు. ప్రాణం దక్కింది కానీ కుడి చెయ్యి మోచేతి కింద నుంచి పోయింది. మిగిలిన మొండి మీద, వాడి తొడ నుంచి పలుచగా చర్మం తీసి అతికించారు.

2013లో నేను ఇండియా వెళ్ళినప్పుడు నా ఆరు నెలల పొదుపు పెట్టి, ఒక ఊళ్ళో వాడికి మోటారుతో నడిచే చెయ్యి చేయించాను. కొలతలు తీసుకున్నారు, మూడు వారాల్లో చెయ్యి వచ్చింది. కండ బిగిస్తే వేళ్ళు మూసుకోవడం చూసి మా పిన్ని ఏడ్చింది, నేను వీడియో తీశాను. ఇక్కడి స్నేహితులందరికీ చూపించాను.

రెండేళ్ళ తరువాత మళ్ళీ వెళ్ళి అడిగితే, మా మరదలు బీరువా తీసి, పాత వాయిలు చీరలో చుట్టిన చెయ్యిని బయటికి తీసింది. వాడు తల వంచుకుని, "మోటారు బాగానే ఉంది అన్నయ్యా, చర్మమే ఒప్పుకోలేదు" అన్నాడు. తొడుక్కున్న వారానికి బొబ్బలు, నెలకి పుండు. మానాక తొడుక్కుంటే మళ్ళీ పుండు. నేను బాధపడతానని రెండేళ్ళు ఫోనులో చెప్పలేదు.

చెయ్యి కొనేటప్పుడు నేను అడిగిన ప్రశ్నలన్నీ బ్యాటరీ గురించీ మోటారు గురించీ. చర్మం గురించి ఒక్కటి అడగలేదు. ఆ తరువాత చదవడం మొదలుపెడితే తెలిసింది, ఈ తప్పు చేసినవాళ్ళలో నేను మొదటివాణ్ణి కాదని.

పెట్టుడు అవయవాల మాట మనకు కొత్త కాదు. ఋగ్వేదంలోనే విశ్పల అనే ఆవిడ ఉంది. యుద్ధంలో ఆమె కాలు తెగితే అశ్వినీ దేవతలు లోహపు కాలు అమర్చారని చెప్పారు. ఆ కాలు తొడుక్కున్న చోట ఆవిడకి ఒరుసుకుపోయిందా లేదా అన్నది ఎవరూ చెప్పలేదు. పరికరం గొప్పతనం అందరూ చెబుతారు. పరికరమూ ఒళ్ళూ కలిసే చోటు సంగతి తొడుక్కున్నవాళ్ళకే తెలుస్తుంది. కొత్త చెప్పు కరిస్తే ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు కదా. చెప్పు కరిస్తే విప్పి చేత్తో పట్టుకుని నడుస్తాం. ఇక్కడ ఆ వీలు కూడా లేదు.

పెట్టుడు చేతిని మొండిలో మిగిలిన కండల బలంతోనే నడిపించాలనే ఆలోచన పందొమ్మిదో శతాబ్దం చివర వచ్చింది. 1896లో ఇథియోపియాలో అడోవా యుద్ధంలో ఇటలీ ఓడిపోయింది. ఇటలీ తరఫున పోరాడిన ఎరిట్రియా సైనికులకు ఎందరికో చేతులు నరికేశారు. వాళ్ళ సంగతి తెలిసిన జూలియానో వాంగెట్టి అనే ఇటలీ డాక్టరుకి, మొండిలో మిగిలిన కండలు ఇంకా బిగుస్తున్నాయి కదా, ఆ బలాన్ని బయటికి ఎందుకు తీసుకోకూడదు అనిపించింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ సర్జన్ ఫెర్డినాండ్ జవర్‌బ్రుక్ దాన్ని పెద్ద ఎత్తున ఆచరణలో పెట్టాడు. జ్యూరిక్‌లో టర్బైన్ల నిపుణుడైన ఆరెల్ స్టొడోలా అనే ఇంజనీరింగు ప్రొఫెసరు ఆయనకు తోడయ్యాడు.

వాళ్ళు చేసిందేమిటంటే, మొండిలోని కండకి అడ్డంగా ఒక సొరంగం చేసి, దాని లోపల రోగి చర్మాన్నే గొట్టంలా పరచడం. ఆ సొరంగంలో ఏనుగు దంతపు పుల్ల ఒకటి దూర్చేవారు. కండ బిగిస్తే పుల్ల కదులుతుంది, పుల్లకి కట్టిన తాడు పెట్టుడు చేతి వేళ్ళని మూస్తుంది. బ్యాటరీ లేదు, వైరు లేదు. కానీ ఆ సొరంగంలో చెమట పడుతుంది, మురికి చేరుతుంది, ఒరిపిడికి పుండు పడుతుంది. రోజూ శుభ్రం చేసుకోవాలి, బరువు ఎక్కువ లాగకూడదు. ఈ పద్ధతి కొన్నాళ్ళు నడిచి క్రమంగా వెనకబడింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, కానీ అందులో చర్మం ముఖ్యమైనది.

తరువాత కరెంటు వచ్చింది. మన కండ బిగిసినప్పుడల్లా చిన్న విద్యుత్ సంకేతం పుడుతుంది. చర్మం మీద లోహపు బిళ్ళలు, అంటే ఎలక్ట్రోడులు, ఆనిస్తే దాన్ని పట్టుకోవచ్చు. మ్యూనిక్‌లో భౌతికశాస్త్రం చదివిన రైన్‌హోల్డ్ రైటర్ ఇలా కండ సంకేతంతో నడిచే చెయ్యి తయారుచేసి 1948లో వివరాలు ప్రచురించాడు. అది రేడియో వాల్వుల కాలం. ఆ యంత్రాన్ని బల్ల మీద పెట్టుకోవాలి తప్ప ఒంటి మీద మోయలేరు. దాన్ని లోకం మరిచిపోయింది. ట్రాన్సిస్టరు వచ్చాక 1960లో మాస్కోలో అలెగ్జాండర్ కోబ్రిన్‌స్కీ బృందం మోసుకు తిరగగలిగిన చెయ్యి చూపించింది. తరువాత పశ్చిమ దేశాల్లోనూ ఇలాంటివి వచ్చాయి. అమెరికాలో 1968లో బోస్టన్ ఆర్మ్, 1981లో యూటా ఆర్మ్ వచ్చాయి.

ఇంజనీరుగా నాకు ఇక్కడ ఒక లెక్క కనిపిస్తుంది. మన ఇంట్లో ప్లగ్గు దగ్గర 230 వోల్టులు. చర్మం మీద దొరికే కండ సంకేతం వోల్టులో వెయ్యో వంతు, కొద్ది మిల్లీవోల్టులు మించదు. అంత సన్నని సంకేతం దొరకాలంటే బిళ్ళ చర్మానికి గట్టిగా, కదలకుండా ఆనుకుని ఉండాలి. చర్మం బాగా పొడిగా ఉంటే సంకేతం సరిగా రాదు. బిళ్ళ జరిగితే చెయ్యి తనంతట తనే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. పైగా పెద్దవాళ్ళ ఎలక్ట్రిక్ చెయ్యి ఒక్కటే అర కిలో దరిదాపు ఉంటుంది. ఆ బరువంతా మొండి చివర వేలాడుతుంది. అంటే చర్మం ఒకేసారి రెండు పనులు చెయ్యాలి, బరువు మొయ్యాలి, కబురూ మొయ్యాలి. మంచి చర్మానికే ఇది కష్టం.

మరి కాలిన చర్మం మాట? దాని కోసం ఇంకో చరిత్ర చూడాలి. పోయిన చర్మాన్ని భర్తీ చెయ్యడానికి రెండు దారులు. ఒకటి, చర్మాన్ని దాని రక్తప్రసారంతో సహా పక్క నుంచి తిప్పి అతకడం. దీన్ని ఫ్లాప్ అంటారు. ఇది మన దేశపు విద్య. సుశ్రుత సంహితలో ఉంది. పూనా దగ్గర కవాస్జీ అనే బండి తోలేవాడికి నుదుటి చర్మంతో ముక్కు చేసిన వైనం 1794లో లండనులో 'జెంటిల్‌మన్స్ మేగజీన్'లో అచ్చయింది. దాని వల్లే యూరపులో ఈ శస్త్రచికిత్సకి కదలిక వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మొహాలు ఛిద్రమైన సైనికులకు హెరాల్డ్ గిలీస్ అనే సర్జన్ ఇంగ్లండులో ఇలాంటి పద్ధతులనే ఎంతో ముందుకు తీసుకెళ్ళాడు.

రెండో దారి, ఉల్లిపొరలా పలుచగా చర్మం కోసి పుండు మీద పరచడం. 1874లో జర్మనీలో కార్ల్ తియర్ష్ దీన్ని చక్కబరిచాడు. 1939లో అమెరికాలో ఎర్ల్ పాజెట్ అనే సర్జన్, జార్జి హుడ్ అనే ఇంజనీరు కలిసి ఒకే మందంలో చర్మం కోసే పరికరం తెచ్చారు. 1964లో ఆ పొరకి వలలాగా గాట్లు పెట్టి సాగదీసే పద్ధతి వచ్చింది. దాంతో కొంచెం చర్మంతో ఎక్కువ పుండు కప్పగలిగారు. ఒళ్ళు సగం కాలినవాళ్ళు బతకడానికి ఇది ఎంతో తోడ్పడింది. మా తమ్ముడు బతికింది ఈ పద్ధతి వల్లే. దీన్ని ఎంత పొగిడినా తక్కువే.

కానీ ఈ పొర పుండు మూయడానికి పుట్టింది, బరువు మొయ్యడానికి కాదు. దానికి చెమట గ్రంథులు ఉండవు, నూనె గ్రంథులు ఉండవు, కింద కొవ్వు మెత్త ఉండదు. స్పర్శ సరిగా రాదు. కాబట్టి ఒరుసుకుంటున్నా మనిషికి వెంటనే తెలియదు, విప్పి చూస్తే రక్తం కనిపిస్తుంది. కొన్నిచోట్ల ఎముకకి అంటుకుపోయి, కొంచెం జారినా చిరుగుతుంది. ఎక్కడ అతికించారో అక్కడ పొడిబారి పగులుతుంది. అతికించని చోట, రోహిణి కార్తెలో, మూసుకుపోయిన సాకెట్టు లోపల, చెమట కారుతుంది. ఒకే మొండి మీద ఎడారీ చిత్తడీ రెండూ.

హై వోల్టేజి దెబ్బలో ఇంకో చిక్కు ఉంది. పైన కనిపించే గాయం కన్నా లోపల కండకి తగిలిన దెబ్బ ఎక్కువ ఉండవచ్చు. అంటే సంకేతం పుట్టవలసిన కండే పోయి ఉండవచ్చు. ఆ సంగతి కొలతలు తీసుకునే ముందే పరీక్షించాలి.

ఇది లైన్‌మన్‌ల సమస్య మాత్రమే అనుకోకండి. మనం ఉంటున్న ఈ దేశంలో, మెనింజైటిస్ క్రిముల వల్ల రక్తం విషమించిన పిల్లలు కొందరికి కాళ్ళూ చేతులూ తీసెయ్యాల్సి వస్తుంది. వాళ్ళకి చర్మం కూడా అక్కడక్కడ చచ్చిపోతుంది, మొండి నిండా మచ్చలు. బ్రిటన్‌లో 1999లో మెనింజైటిస్ సి టీకా, 2015లో బి టీకా పసిపిల్లలకి ఇవ్వడం మొదలుపెట్టారు. మీ పిల్లల టీకాల కార్డు ఒకసారి తీసి చూడండి. ఈ ప్రసంగంలో మీరు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకున్నా నాకు చాలు.

బ్రిటన్ సంగతి వచ్చింది కనుక థాలిడోమైడ్ గురించి చెప్పాలి. 1958 నుంచి 1961 దాకా ఇక్కడ అమ్మిన ఆ మందు వల్ల ఎందరో పిల్లలు కురచ చేతులతో పుట్టారు. వాళ్ళ కోసం ఎడింబరోలో డేవిడ్ సింప్సన్ అనే శాస్త్రవేత్త, సిలిండరులో నింపిన కార్బన్ డయాక్సైడు గ్యాసుతో నడిచే చేతులు చేశాడు. చక్కటి పనితనం. అయినా చాలామంది పిల్లలు వాటిని వదిలేశారు. సొంత పాదాలతో, సొంత కురచ వేళ్ళతో పనిచేసుకోవడమే వాళ్ళకి నయమనిపించింది. ఆ పిల్లల చర్మం కాలలేదు, చిరగలేదు. అయినా యంత్రాన్ని తొడిగితే ఆ స్పర్శ కప్పడిపోతుంది. చర్మం తొడుగు మాత్రమే కాదు, అది కన్నులాంటిదని అక్కడ తెలిసింది.

చర్మాన్ని కాపాడే ప్రయత్నాల్లో మొదటి మలుపు ఐస్‌లాండ్ నుంచి వచ్చింది. ఓసుర్ క్రిస్టిన్‌సన్ అనే అవయవాల తయారీదారు మెత్తటి సిలికోన్ మేజోడులాంటి తొడుగు చేసి 1986లో మార్కెట్టులోకి తెచ్చాడు. ముందు దాన్ని మొండి మీదికి చుట్ట విప్పినట్టు ఎక్కిస్తారు, దాని మీద గట్టి సాకెట్టు తొడుగుతారు. ఒరిపిడి చర్మానికీ ప్లాస్టిక్కుకీ మధ్య కాకుండా, సిలికోన్‌కీ ప్లాస్టిక్కుకీ మధ్య జరుగుతుంది. కాళ్ళు పోయినవాళ్ళకి అది వరమైంది. మోటారు చేతులకి మాత్రం ఒక తిరకాసు వచ్చింది. సిలికోన్ కరెంటుని పోనివ్వదు. చర్మాన్ని కాపాడే తొడుగే సంకేతానికి అడ్డుగోడ. అందుకని తొడుగులోనే చిన్న లోహపు బొత్తాలు బిగించి, వాటి నుంచి బయటికి వైర్లు తీసే ఏర్పాటు చేశారు. ఎడింబరోలో సింప్సన్ మొదలుపెట్టిన పని కూడా అక్కడితో ఆగలేదు. అదే ఆస్పత్రిలో 1998లో డేవిడ్ గౌ బృందం మోటారు భుజం ఉన్న చెయ్యి అమర్చింది. అక్కడి నుంచి పుట్టిన సంస్థ 2007లో ఐదు వేళ్ళూ విడివిడిగా కదిలే ఐ-లింబ్ అమ్మకానికి తెచ్చింది. 2016లో ఆ చేతి కంపెనీని ఐస్‌లాండ్ తొడుగు కంపెనీయే కొనుక్కుంది.

రెండో మలుపు చికాగోలో. 2001లో టెన్నెసీకి చెందిన ఒక లైన్‌మన్‌కి హై వోల్టేజి లైను తగిలి రెండు చేతులూ భుజాల దగ్గరికి పోయాయి. ఇది చదివినప్పుడు నాకు మా వాడే గుర్తొచ్చాడు. టాడ్ కూకెన్ అనే డాక్టరు బృందం 2002లో, ఒకప్పుడు అతని చేతికి వెళ్ళే నరాలని తీసి ఛాతీ కండలోకి మళ్ళించింది. కొన్ని నెలలకి, అతను లేని చేతిని మూద్దామని అనుకుంటే ఛాతీ కండ బిగిసేది. ఛాతీ మీద ఎలక్ట్రోడులు ఆనించి చేతిని నడిపారు. ఎవరూ అనుకోనిది ఇంకొకటి జరిగింది. ఛాతీ చర్మం మీద తాకితే, లేని చేతిని తాకినట్టు అతనికి తెలిసింది. పాడైన చోట వెతకడం మాని, బాగున్న చోటికి సంకేతాన్ని తీసుకెళ్ళడం, ఇదీ ఆ ఆలోచన.

మూడో మలుపు స్వీడన్‌లో. టైటానియం లోహం ఎముకతో కలిసిపోతుందని 1950లలో పెర్-ఇంగ్వార్ బ్రానెమార్క్ కుందేళ్ళ మీద ప్రయోగాల్లో గమనించాడు. 1965లో పళ్ళకి వాడారు. 1990లో మొదటిసారి కాలు పోయిన మనిషి ఎముకలో టైటానియం కడ్డీ బిగించి, పెట్టుడు కాలుని నేరుగా దానికే తగిలించారు. సాకెట్టే లేదు, కాబట్టి చర్మం మీద బరువే లేదు. 2013లో గోథెన్‌బర్గ్‌లో మాక్స్ ఓర్టిజ్ కాటలాన్ బృందం ఆ కడ్డీ గుండానే లోపలి కండలకీ నరాలకీ ఎలక్ట్రోడులు పంపింది. అంటే కబురు మొయ్యడం కూడా చర్మానికి తప్పింది. అమెరికా ప్రభుత్వం తొడ దగ్గర కాలు పోయినవారికి ఈ కడ్డీ పద్ధతిని 2015లో పరిమితంగా, 2020లో పూర్తిగా అనుమతించింది.

అయితే చర్మం ఇక్కడా వదల్లేదు. కడ్డీ ఎముక నుంచి బయటికి రావాలంటే చర్మాన్ని చీల్చుకునే రావాలి. ఆ రంధ్రం దగ్గర చీము పట్టకుండా జీవితాంతం చూసుకోవాలి. నూరేళ్ళ కిందట జవర్‌బ్రుక్ సొరంగం దగ్గర వచ్చిన చిక్కుకి ఇది చుట్టమే.

మన దేశం సంగతికి వస్తే, 1968లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ కలిసి చేసిన జైపూర్ కాలు అందరికీ తెలిసిందే. అందులో మోటారు లేదు. పొలంలో, బురదలో నడిచేవాళ్ళనీ, కింద బాసింపట్టు వేసుకుని కూర్చునేవాళ్ళనీ చూసి చేశారు కాబట్టే నిలబడింది. ఇప్పుడు హైదరాబాదులోనే మేకర్స్ హైవ్ అనే సంస్థ కల్‌ఆర్మ్ అనే మోటారు చెయ్యి తయారుచేస్తోంది. విదేశాల నుంచి తెప్పించుకోవాల్సిన అవసరం తగ్గుతోంది. మంచిదే. కానీ చెయ్యి ఎక్కడ తయారైనా, తొడుక్కునే చర్మం ఆ మనిషిదే కదా.

మళ్ళీ మా తమ్ముడి దగ్గరికి వస్తాను. 2016లో వాణ్ణి ఒక ప్లాస్టిక్ సర్జన్‌కి చూపించాం. ఆయన చేతిని చూడలేదు, మొండిని చూశాడు. వేళ్ళతో నొక్కి, జరిపి, ఎక్కడ ఎముకకి అంటుకుందో పెన్నుతో గీశాడు. తరువాత మొండి చివర పలుచని చర్మం తీసేసి, పొట్ట దగ్గరి మందమైన చర్మాన్ని కొవ్వుతో సహా అతికాడు. మూడు వారాలు చెయ్యి పొట్టకి అంటించే ఉంచారు. ఇది ఆ పూనా ముక్కు వైద్యానికి మనవడే. పొట్ట కొవ్వు మందంగా ఉంటే సంకేతం తగ్గుతుంది కాబట్టి, ఎలక్ట్రోడులు ఆనే పై భాగాన్ని ఆయన ముట్టుకోలేదు. మానాక నెలల తరబడి నూనె రాసి మర్దనా, మచ్చ మీద సిలికోన్ పట్టీ, బిగుతు తొడుగు. ఆ తరువాతే కొత్త సాకెట్టు. మొదట రోజుకి పావుగంట, విప్పి అద్దంలో చూసుకోవడం. ఎర్రదనం ఇరవై నిమిషాల్లో పోకపోతే ఆ రోజుకి చెయ్యి పక్కన పెట్టెయ్యమన్నారు.

ఇప్పుడు వాడికి జిరాక్సు షాపు ఉంది. షాపులో భుజం పట్టీతో లాగే మామూలు కొక్కెం చెయ్యే పెట్టుకుంటాడు. తేలిక, చెమట పడితే కడుక్కోవచ్చు. మోటారు చెయ్యి రోజుకి రెండు మూడు గంటలు, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ. మొన్న వాడి కూతురు ఓణీల ఫంక్షన్‌కి ఆ చేత్తోనే అక్షింతల పళ్ళెం పట్టుకున్నాడు, వేసింది మాత్రం ఎడం చేత్తో. ఆ ఫోటో పంపించి, "చూశావా అన్నయ్యా, నీ డబ్బు వృథా పోలేదు" అని రాశాడు. అది చదివి నాకు సంతోషం కన్నా సిగ్గే ఎక్కువైంది. వాడి పుండు కన్నా నా డబ్బు గురించి వాడు ఎక్కువ దిగులు పడ్డాడు కనుక.

మనలో చాలామందికి ఊళ్ళో ఎవరో ఒకరు ఉంటారు. ప్రెస్సులోనో, నూర్పిడి మిషనులోనో, లైను మీదో చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళు. మనం ఇక్కడి నుంచి ప్రేమతో ఒక పరికరం కొనిద్దామనుకుంటాం. తప్పకుండా కొనివ్వండి. కానీ ముందు వాళ్ళని అడగండి, మొండి చర్మం ఎలా ఉందని, కండ సంకేతం పరీక్షించారా అని, పాడైతే దగ్గర్లో బాగుచేసేవాళ్ళు ఉన్నారా అని. అన్నిటికన్నా ముఖ్యం, రెండు నెలల తరువాత ఫోను చేసి, "తొడుక్కుంటున్నావా?" అని కాకుండా, "పుండు పడుతోందా?" అని అడగండి. మొదటి ప్రశ్నకి మొహమాటానికి అవునంటారు. రెండో ప్రశ్నకి నిజం చెబుతారు.